మార్గుట్టా వీధి పది నిమిషాల్లో అయిపోతుందా?

మీ ప్రశ్న చదివాను. ఏప్రిల్ చివర్లో నాలుగు రోజులు రోమ్‌లో ఉంటారు, అందులో ఒక పూట ఖాళీ ఉంది. డ్రాయింగ్ టీచరుగా రిటైరైన అమ్మగారి కోసం, చిత్రకారుల వీధిగా పేరున్న వియా మార్గుట్టాకు వెళ్దామనుకున్నారు. వెళ్లొచ్చినవాళ్లేమో "అక్కడ ఏమీ లేదు, నాలుగు ఖరీదైన షాపులు, పది నిమిషాల్లో అయిపోతుంది" అన్నారు. వెళ్లాలా, మానాలా అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి. వాళ్లు చెప్పింది కూడా అబద్ధం కాదు. ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా నడిస్తే నిజంగానే ఐదు నిమిషాల పని. నేను పదమూడేళ్లుగా రోమ్‌లో ఉంటున్నాను. అందులో ఆరేళ్లు ఆ వీధికి రెండు సందుల అవతల, పటాలు కట్టి, పాత ఫ్రేములకు బంగారు రేకు అద్దే చిన్న వర్క్‌షాపులో పనిచేశాను. అయినా మొదటిసారి మార్గుట్టాకు వెళ్లినప్పుడు నాకూ ఏమీ కనబడలేదు. ఆగస్టు నెల, మధ్యాహ్నం రెండు గంటలు, తలుపులన్నీ మూసి ఉన్నాయి. తీగలు పాకిన గోడలకు నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేశాను. ఆ వీధి ఎందుకు పుట్టిందో, అక్కడ ఎవరు ఎలా బతికారో తెలిశాకే అది నా కంటికి ఆనింది. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను, దారి తర్వాత.

మ్యాపు ఒకసారి తెరవండి. పియాజ్జా డెల్ పోపొలో నుంచి స్పానిష్ మెట్ల వైపు వెళ్లే పెద్ద వీధి వియా డెల్ బబుయీనో. దానికి పక్కనే, పించో కొండ అడుగున ఒదిగి ఉన్న సన్న వీధి మార్గుట్టా. బబుయీనో మీది పెద్ద ఇళ్లకు ఇది పెరటి వీధి. మన పాత ఊళ్లలో ముందు వీధిలో అరుగులూ సింహద్వారాలూ ఉంటే, వెనక సందులో గొడ్లపాక, బండి కొట్టం, పేడకుప్ప ఉండేవి కదా, అలాగన్నమాట. ఇక్కడ గుర్రపు శాలలు, బండ్లు నిలిపే కొట్టాలు, చేతిపనివాళ్ల పాకలు, వాటి వెనక కొండ వాలు మీద తోటలు ఉండేవి. బొమ్మలు వేసేవాడికీ రాయి చెక్కేవాడికీ సరిగ్గా ఇలాంటి చోటే కావాలి. ఎత్తైన కప్పు, వెడల్పు తలుపు, తక్కువ అద్దె, రాతి దుమ్ము లేచినా సుత్తి మోగినా గొడవకు రాని ఇరుగుపొరుగు.

ఇంకో కారణం ఊరి ద్వారం. ఉత్తరాది నుంచి, అంటే ఫ్రాన్స్, జర్మనీ, హాలెండ్‌ల నుంచి ఎవరు రోమ్‌కు వచ్చినా పోపొలో ద్వారం గుండానే ఊళ్లో అడుగుపెట్టేవారు. రైలు దిగినవాడు స్టేషన్ పక్కన గది చూసుకున్నట్టు, వాళ్లూ ఆ ద్వారం దగ్గరే బస వెతుక్కున్నారు. తమ భాష మాట్లాడేవాళ్లు ఎక్కడుంటే అక్కడికే తర్వాత వచ్చినవాళ్లూ చేరారు. అలా 1600ల మొదట్లోనే ఈ చుట్టుపక్కల వీధులు పరదేశి చిత్రకారులతో నిండిపోయాయి.

ఎవరు ఎక్కడ ఉన్నారో ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, చర్చి లెక్కల వల్ల. రోమ్‌లో ప్రతి పేటలోని పాస్టరు ఏటా ఈస్టర్ ముందు ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇంట్లో ఎవరుంటున్నారు, పేరేంటి, పనేంటి అని రాసుకునేవాడు. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. ల్యాండ్‌స్కేప్ చిత్రకారుడు క్లోద్ లొరేన్ ఈ మార్గుట్టాలోనే ఏళ్ల తరబడి ఉన్నాడని వాటివల్లే తెలిసింది. ఫ్రాన్స్ పక్కనున్న లొరేన్ నుంచి వచ్చిన కుర్రాడు. మొదట కేకులూ మిఠాయిలూ చేసే పని నేర్చుకున్నాడని అతని స్నేహితుడైన ఒక జర్మన్ చిత్రకారుడు రాశాడు. తెల్లవారకముందే ఊరి బయట పొలాల్లోకి వెళ్లి, చీకటి పడేదాకా అక్కడే ఉండి, వెలుగు ఎలా మారుతుందో చూసుకుని, ఇంటికొచ్చి ఆ రంగులు కలిపేవాడట. సూర్యుణ్ని బొమ్మ నడుమ పెట్టి, ఎదురుగా చూస్తూ వేసినవాళ్లలో ముందువరస అతనిది. అమ్మగారికి ల్యాండ్‌స్కేప్ ఇష్టమైతే, ఇదే రోజు కాకపోయినా మర్నాడు వియా డెల్ కోర్సోలోని డోరియా పంఫీలి గ్యాలరీకి తీసుకెళ్లండి. అక్కడ క్లోద్ బొమ్మలు ఉన్నాయి.

అదే రోజుల్లో ఇదే వీధిలో పీటర్ వాన్ లార్ అనే డచ్ చిత్రకారుడు కూడా ఉండేవాడు. శరీరం కాస్త అవకరంగా ఉండటంతో జనం అతన్ని బంబోచ్చో అని పిలిచారు, అంటే అవకతవక బొమ్మ అని. అతను దేవుళ్లనూ రాజులనూ వెయ్యలేదు. గుర్రానికి నాడాలు కొట్టేవాడు, రొట్టెలమ్మేవాడు, బిచ్చగాడు, సత్రం ముందు పేకాడేవాళ్లు, తన కిటికీలోంచి ఏం కనబడితే అదే వేశాడు. అతని దారిలో నడిచినవాళ్లకు ఆ ఎగతాళి పేరే గుంపు పేరయింది, బంబోచ్చాంతి అని. పెద్ద చిత్రకారులు కొందరు వాళ్లను చిన్నచూపు చూశారు. డబ్బున్నవాళ్లు మాత్రం ఆ బొమ్మలనే కొని గోడలకు తగిలించుకున్నారు. నాకు మార్గుట్టా అంటే మొదట గుర్తొచ్చేది ఇతనే.

డచ్, ఫ్లెమిష్ చిత్రకారులకు ఒక సంఘం కూడా ఉండేది. ఒకే గూటి పక్షులు అని పేరు పెట్టుకున్నారు. కొత్తగా చేరినవాడికి మారుపేరు పెట్టి, ద్రాక్షసారాతో 'బాప్తిస్మం' ఇచ్చి, రాత్రంతా విందు చేసుకుని, తెల్లారాక ఊరి బయట శాంటా కోస్తాంజా అనే పాత గుండ్రటి కట్టడానికి ఊరేగింపుగా వెళ్లేవాళ్లు. వాళ్లు గోడల మీద గీకిన పేర్లు ఇప్పటికీ అక్కడ కనబడతాయి. 1720లో ఆ వేడుకలను నిషేధించారు. చిత్రకారిణి ఆర్టెమీసియా జెంటిలెస్కి పెరిగింది కూడా ఈ పేటలోనే. ఆడపిల్లకు బయట బొమ్మలు నేర్చుకునే వీల్లేని కాలంలో, తండ్రి పనిచేసుకునే గదిలోనే రంగులు నూరుతూ నేర్చుకుంది. అమ్మగారికి ఆమె కథ ముందే చెప్పి ఉంచండి. ఆ వీధుల్లో నడుస్తున్నప్పుడు అది వేరుగా అనిపిస్తుంది.

తర్వాతి రెండు వందల ఏళ్లూ వేగంగా చెప్పేస్తాను. 1800ల నడుమ పాత్రీజీ అనే జమీందారీ కుటుంబం ఇక్కడ కొండకు ఆనించి, అచ్చంగా చిత్రకారులకూ శిల్పులకూ అద్దెకిచ్చేందుకే పెద్ద కిటికీల స్టూడియోలు కట్టించింది. 53, 54 నంబర్ల దగ్గర ఉన్నవి అవే. అదే కాలంలో స్పానిష్ మెట్ల మీద పొద్దున్నే కొండ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు, తమ ఊరి బట్టల్లో కూర్చుని పని కోసం ఎదురుచూసేవి. మన దగ్గర అడ్డా మీద కూలీలు నిలబడినట్టే. తెల్లగడ్డం ముసలాయన్ని పరమపితగా వేసుకోవడానికి, చంటిబిడ్డ తల్లిని మేరీమాతగా వేసుకోవడానికి చిత్రకారులు గంటల లెక్కన మాట్లాడుకుని ఈ వీధికి తీసుకొచ్చేవాళ్లు. మీరు మ్యూజియంలో చూసే ఎన్నో మేరీమాతల ముఖాలు ఆ మెట్ల మీద కూలి కోసం కూర్చున్న పల్లె ఆడవాళ్లవి.

1917 ఫిబ్రవరిలో పికాసో వచ్చాడు. పరాడ్ అనే బ్యాలేకు తెరలూ దుస్తులూ గీయడానికి ఈ పాత్రీజీ స్టూడియోల్లోనే గది తీసుకున్నాడు. ఆ బ్యాలే మే నెలలో పారిస్‌లో ఆడింది. ఆ బృందంలోని నర్తకి ఓల్గా ఇక్కడే పరిచయమై, మరుసటి ఏడాది అతని భార్య అయింది. దర్శకుడు ఫెల్లీని, ఆయన భార్య, నటి జూలియెట్టా మసీనా 110 నంబరు ఇంట్లో ఉండేవారు. గోడకు గుర్తుగా ఫలకం ఉంది. ఇక 51 నంబరు ముందు జనం ఫొటోలు దిగుతుంటారు. 1953లో వచ్చిన ఆడ్రీ హెప్‌బర్న్ సినిమా 'రోమన్ హాలిడే'లో హీరో గది ఆ ఇల్లే. అక్కడ ఒక ఫొటో తీసుకోండి. నా ఉద్దేశంలో అంతకంటే ఎక్కువ టైము దానికి అక్కర్లేదు.

ఇప్పుడు దారి. మెట్రో ఎ లైనులో ఫ్లమీనియో స్టేషన్‌లో దిగితే పోపొలో ద్వారం ఎదురుగానే ఉంటుంది. ఆ పాత బాటసారులు వచ్చిన ద్వారం గుండానే మీరూ లోపలికి రండి. రాగానే ఎడమ చేతి వైపు శాంటా మరియా డెల్ పోపొలో చర్చి. టికెట్ లేదు. పీఠానికి ఎడమ పక్కనున్న చిన్న గదిలో కరవాజ్జో 1600, 1601లలో వేసిన రెండు పెద్ద చిత్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకదాంట్లో తలకిందులుగా సిలువ వేస్తున్న పేతురు, ఇంకోదాంట్లో గుర్రం మీంచి వెల్లకిలా పడిపోయిన పౌలు. గుర్రం ఒళ్లే బొమ్మలో సగం. గది ఇరుకు కాబట్టి వాటిని ఓరగానే చూడగలం, ఆయనా అలా చూస్తామని లెక్క వేసుకునే వేశాడు. సిలువ ఎత్తుతున్నవాడి మట్టి అంటిన కాలు అమ్మగారిని చూడమనండి. చర్చిలు మధ్యాహ్నం మూసేస్తారు, అందుకే పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో ఇక్కడ ఉండేలా బయలుదేరండి.

అక్కడి నుంచి బబుయీనో వీధిలోకి. కొంత దూరం వెళ్లాక కుడి పక్క తొట్టి మీద పడుకున్న, నల్లబడ్డ, మొహం అరిగిపోయిన రాతి విగ్రహం ఒకటి కనిపిస్తుంది. ఎంత వికారంగా ఉందంటే జనం దాన్ని కోతి అన్నారు, వీధికి ఆ పేరే వచ్చింది. పక్కనే శిల్పి కనోవా, ఆయన శిష్యుడు తదొలీనీల పాత వర్క్‌షాపు ఉంది. 1818 నుంచి ఆ శిష్యుడి వంశం చేతిలో నడిచింది. ఇప్పుడు కాఫీ హోటలు. నేల నుంచి కప్పు దాకా ప్లాస్టరు నమూనాలు, గుర్రం కాళ్లు, రాణుల తలలు, విడి చేతులు. కౌంటరు దగ్గర నిలబడి కాఫీ తాగితే మామూలు ధరే, టేబుల్ దగ్గర కూర్చుంటే బిల్లు బాగా పెరుగుతుంది. కానీ అమ్మగారికి మోకాళ్ల నొప్పి అన్నారు కాబట్టి ఇక్కడ కూర్చోబెట్టడమే మంచిది. ఆ విగ్రహాల నడుమ అరగంట కూర్చున్నందుకు ఆ డబ్బు ఇవ్వొచ్చు.

అప్పుడు ఏదో ఒక అడ్డసందులోంచి మార్గుట్టాలోకి తిరగండి. బండ్ల మోత ఒక్కసారిగా ఆగిపోతుంది. కింద నల్లటి చదరపు రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి, అమ్మగారికి చెప్పులు కాకుండా బూట్లు వేయండి. కాస్త నడిస్తే గోడకు చిన్న నీటి ఊట ఉంటుంది. 1927లో పియెత్రో లొంబార్దీ చేసిన కళల ఫౌంటెన్ అది. ఒక ముఖం నవ్వుతూ, ఒకటి దిగులుగా, వాటి నోళ్లలోంచి నీళ్లు, చిత్రం పెట్టుకునే స్టాండ్లు, పైన కుంచెలు నింపిన బకెట్. పెద్ద ఫౌంటెన్లు చూసొచ్చినవాళ్లు దీన్ని దాటిపోతారు. నాకు మాత్రం, పనిచేసుకునే మనిషి పని ముగించి కుంచెలు కడిగి పెట్టుకున్నట్టు ఉండే ఆ బకెట్ చాలా ఇష్టం.

ఈ వీధిలో అసలైనవన్నీ లోపలే ఉంటాయి. పాత్రీజీ స్టూడియోల పెద్ద తలుపు పగలు చాలాసార్లు తెరిచే ఉంటుంది. లోపల ఒక వాకిలి, మెట్లు, ఇంకో వాకిలి, అలా కొండ మీదకు పాకుతూ వెళ్తుంది. అవి జనం ఉంటున్న ఇళ్లు. కాబట్టి గేటు దగ్గరెవరైనా ఉంటే "బువోన్‌జోర్నో, పెర్మెస్సో" అనండి. లోపలికి రావచ్చా అని అడగడం అది. తలూపితే వాకిలి దాకా వెళ్లండి, వద్దంటే సరేనని వచ్చేయండి. ఆ ఒక్క మాట చెప్పకుండా కెమెరా పట్టుకుని చొరబడేవాళ్ల వల్లే చాలామంది తలుపులు వేసుకుంటున్నారు. లోపలికి వెళ్లాక ఒకసారి తలెత్తి కిటికీలు చూడండి, గోడంత పెద్దవి. ఎండ నేరుగా పడకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా వెలుగు రావాలని అలా కట్టారు. డ్రాయింగ్ టీచరుకు ఇది విడమర్చి చెప్పే అవసరం ఉండదు.

పని చూడటం గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు అద్దెలు భరించలేక చేతిపనివాళ్లు చాలామంది వెళ్లిపోయారు, ఆ చోటుల్లో గ్యాలరీలు, పాత సామాన్ల షాపులు, బట్టల షాపులు వచ్చాయి. మీ స్నేహితులు చూసింది వాటినే. అయినా చుట్టుపక్కల సందుల్లో పటాలు కట్టేవాళ్లు, పాత చిత్రాలు బాగుచేసేవాళ్లు కొందరు మిగిలారు. అద్దంలోంచి ఎవరైనా బంగారు రేకు అద్దుతూ కనబడితే అక్కడే నిలబడిపోండి. ఆ పని నేను చేశాను కాబట్టి ఏం చూడాలో చెప్పగలను. ముందు చెక్క మీద సుద్ద, కుందేలు చర్మం జిగురు కలిపిన పూత ఏడెనిమిది సార్లు వేసి, అద్దంలా నున్నగా రుద్దుతారు. దాని మీద ఎర్ర బంకమన్ను పూత. అరచేయంత కూడా లేని బంగారు రేకు, ఊపిరి తగిలినా ఎగిరిపోతుంది కాబట్టి ఎండాకాలంలో కూడా ఫ్యాను ఆపేసి, కిటికీలు వేసుకుని కూర్చునేవాళ్లం. పల్చటి వెడల్పు కుంచెను చెంపకు ఒకసారి రాసుకుంటారు. చర్మం మీది కొద్దిపాటి జిడ్డు అంటితేనే రేకు కుంచెకు అతుక్కుంటుంది. ఎర్రమన్నును నీళ్లతో తడపగానే రేకును దగ్గరికి తెస్తే, మన్నే లాక్కున్నట్టు టక్కున పట్టేస్తుంది. ఆరాక కుక్క పన్ను ఆకారంలో ఉండే నున్నటి అగేట్ రాయితో రుద్దితే అప్పుడు మెరుస్తుంది. పాత ఫ్రేముల అంచుల్లో బంగారం అరిగిపోయి ఎర్రగా కనబడేది ఆ మన్నే. మ్యూజియంలో ఈసారి ఫ్రేముల మూలలు చూడమనండి, ఎర్ర మన్ను చాలాచోట్ల కనబడుతుంది.

ఈ వీధిలోనే పాలరాతి పలకల మీద అక్షరాలు చెక్కే ఇరుకు గది ఒకటి ఉంది. గోడలనిండా పలకలే, వాటి మీద సామెతలు, లాటిన్ మాటలు. మీరు రాసిచ్చిన మాట కూడా చెక్కిస్తారు. నేను ఒకసారి ఇలాంటి పనివాడి దగ్గరే మా ఊరి ఇంటి గుమ్మం పక్కన పెట్టడానికి తెలుగులో 'అమ్మ ఇల్లు' అని చెక్కించాను. ఆయన కాగితం వంక చాలాసేపు చూసి, ఇందులో తిన్నటి గీత ఒక్కటీ లేదే అన్నాడు. రోమన్ అక్షరాలు ఉలికి సులువు, నిలువు గీతలూ కోణాలూ ఎక్కువ. మనవి తాటాకు మీద గంటంతో రాసీ రాసీ గుండ్రబడ్డాయంటారు. ఆ సంగతి చెబితే ఆయన 'ఇ' చుట్టు తిరిగేచోట సన్న ఉలి మార్చుకుని, పిసరు పిసరుగా చెక్కాడు. రెండు ఒత్తులు కూడా ఎక్కడా విరక్కుండా వచ్చాయి. మీరూ చేయిస్తే ఫోన్‌లో చూపించకండి. అమ్మగారి చేతే కాగితం మీద పెద్దగా రాయించి ఇవ్వండి, ఆమె దస్తూరీయే రాతి మీదికి వస్తుంది. వీధిలోకి రాగానే ముందు ఆ పని అప్పగించేసి, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకోండి. బరువు గుర్తుంచుకోండి, విమానం సూట్‌కేసులో చిన్న పలకే మంచిది.

భోజనం గురించి టెన్షన్ వద్దు. అమ్మగారు శాకాహారి అన్నారు కదా, 1979 నుంచి ఈ వీధిలోనే పూర్తి శాకాహార హోటల్ ఒకటి ఉంది. ముందురోజే బుక్ చేసుకోండి. తర్వాత దక్షిణపు చివర నుంచి బయటపడితే స్పానిష్ మెట్లు దగ్గరే, స్పాఞా మెట్రో కూడా అక్కడే. కాళ్లు లాగుతున్నాయని ఆ మెట్ల మీద మాత్రం కూర్చోబెట్టకండి. 2019 నుంచి అక్కడ కూర్చోవడం నిషేధం, పోలీసులు విజిల్ వేసి లేపుతారు, జరిమానా కూడా ఉంది. కింద పడవ ఆకారంలో ఉన్న ఫౌంటెన్ దగ్గర కాసేపు నిలబడి మెట్రో ఎక్కేయండి.

అమ్మగారి బ్యాగులో చిన్న స్కెచ్‌బుక్, రెండు పెన్సిళ్లు పెట్టండి. ఫౌంటెన్ దగ్గర గోడకు ఆనుకుని నిలబడి గీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. ఆ వీధిలో గీస్తూ నిలబడ్డ మనిషిని చూస్తే షాపువాళ్లు వాళ్లంతట వాళ్లే స్టూలు తెచ్చి వేయడం నేను చూశాను.

తారీఖు ఒక్కటి సరిచూసుకోండి. ఏప్రిల్ 25 ఇటలీలో జాతీయ సెలవు, చాలా షాపులు మూసేస్తారు. ఆదివారం, సోమవారం పొద్దున కూడా వద్దు. మంగళవారం నుంచి శుక్రవారం లోపు, తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా పెట్టుకోండి. ఒంటిగంటకు వర్క్‌షాపులు తలుపులు వేసేస్తే మళ్లీ మూడున్నర, నాలుగు దాకా తెరవరు. మీ హోటల్ ఏ పేటలోనో రాస్తే అక్కడి నుంచి ఫ్లమీనియోకు ఏ బస్సో, ఏ మెట్రోనో కూడా చెబుతాను.